అందం సంగతి అడగడానికి తాండూరు వెళ్ళాను

తాండూరు వెళ్ళొచ్చానని తెలియగానే మా స్కూల్లో టీచర్లందరూ కందిపప్పు తెచ్చావా అని అడిగారు. తేలేదు. తాండూరు నుంచి నేను వెంటబెట్టుకొచ్చింది ఒక ముసలాయన్ని, అదీ వికారాబాదు దాకా. పప్పు మూట కట్టించుకునే తీరిక నాకు లేకపోయింది.

హైదరాబాదు స్టేటు ఇంకా విడిగా ఉన్న రోజులవి. మాది బందరు. ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పే పని దొరికి హైదరాబాదు వచ్చాను. అదే స్కూల్లో నఫీసా సైన్సు చెప్పేది. మాకు స్నేహం కుదిరింది ఒక తగవుతో. నేను ఒకరోజు బోర్డు మీద జ్యామితి నిరూపణ రాసి, "ఎంత అందంగా ఉందో చూడండి" అని పిల్లలతో అన్నాను. పక్క క్లాసులో ఉన్న నఫీసా ఆ మాట విన్నది. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు నన్ను పట్టుకుంది.

"లెక్కకు అందం యాడుంటది సుభద్రా? తప్పో ఒప్పో ఉంటది గని."

ఆ తగవు మా మధ్య ఏళ్ళ తరబడి నడిచింది. ఆమె తండ్రి తాండూరులో మౌల్వీ. అరబ్బీలో తర్కమూ తత్త్వమూ చదివి, ఎందరికో చెప్పినవాడు. ఆయన మాటే ఆమెకు కొలబద్ద. "ప్రతిదానికి దానికి తగిన నిండుదనం ఒకటుంటది, అది నిండుగ ఉంటెనే అందం అంటడు మా అబ్బా. గుర్రానికి తగింది మనిషికి తగదు, మనిషికి తగింది రాసే అక్షరానికి తగదు." నా నిరూపణకు తగిన నిండుదనం ఏమిటో చెప్పమని నన్ను సతాయించేది. ఒక్క వాక్యం తీసేస్తే కూలిపోయేది, ఒక్క వాక్యం కలిపితే బరువయ్యేది అని నేను చెప్పాను. ఆ జవాబు ఆమెకు నచ్చింది. నచ్చిందని మాత్రం ఒప్పుకోలేదు.

తర్వాత ఆమెకు దగ్గు పట్టుకుంది. దగ్గులో నెత్తురు పడింది. వికారాబాదు కొండ మీది క్షయ ఆసుపత్రికి పంపారు. దసరా సెలవులివ్వగానే ఆమెను చూడ్డానికి బయల్దేరాను. తాండూరు వెళ్ళే ఆలోచన అప్పటికి లేదు.

వికారాబాదు కొండ

నాంపల్లిలో ఆడవాళ్ళ పెట్టె ఎక్కాను. శంకరపల్లి దాటాక నేల ఎర్రబడుతుంది. బందరులో పుట్టినదాన్ని, నాకు నేలంటే నీళ్ళు నిలిచిన నల్లమట్టి. ఇక్కడ నేల మిట్టలు మిట్టలుగా లేచి, రాయి బయటపడి, మధ్యమధ్య సీతాఫలం పొదలు. వికారాబాదు స్టేషన్లో అణాకు బుట్టెడు సీతాఫలాలు. మా ఊళ్ళో ఆ అణాకు నాలుగు కూడా రావు. ఒక బుట్టా, ఒక అరటిపళ్ళ అత్తమూ తీసుకుని టాంగా ఎక్కాను. కొండ మలుపులో గుర్రం ఊపిరి తిప్పుకోవడానికి ఆగితే, కోతి వచ్చి నా ఒళ్ళోంచి అరటిపళ్ళు తీసుకుపోయింది. టాంగావాలా తిరిగి కూడా చూడలేదు. "సీతాఫలాలు ముట్టవు తియ్యి, గవి చెట్ల మీదనే దొరుకుతయి వాటికి" అన్నాడు.

నఫీసా మంచం వరండాలో ఉంది. అక్కడ గాలే మందు. చలిలోనూ రోగుల్ని బయటే పడుకోబెడతారు. మనిషి సగమైంది. కళ్ళు మాత్రం అవే. నన్ను మంచం కాళ్ళ దగ్గర కూర్చోమని, దిండు కింద నుంచి ఎక్స్‌రే ఫిల్ము తీసి ఆకాశానికి పట్టి చూపించింది.

"ఎంత బాగుందో చూడు. గీ ఎముకలు చూడు, కమాన్ల లెక్క ఎట్ల వంగినయో. ఎవలు గీసిండ్రు గింత మంచిగ?"

ఎడమ వైపు పైన డాక్టరు పెన్సిలుతో చుట్టిన గీత ఉంది. ఆ గీతలో ఉన్న పక్కటెముకలు తీసేస్తారు. తీసేస్తే ఛాతీ అణుగుతుంది, పుండు పడ్డ ఊపిరితిత్తి దానితోపాటు అణిగి మానుతుంది. సూదిమందుతో మానలేదు కాబట్టి ఇక అదొక్కటే దారి. ఆమె ఒప్పుకోలేదు, సంతకం పెట్టలేదు.

"తీస్తే బతుకుతావు గదా" అన్నాను.

"బతుకుత. భుజం గిట్ల కిందికి పడిపోతది. వెన్ను ఒంకర పోతది. ఏడ్చేటందుకు చెప్తలేను సుభద్రా, లెక్క లెక్కనే అడుగుతున్న. మనిషికి తగిన నిండుదనమే అందమైతే, అండ్లకెల్లి గిన్ని ఎముకలు తీసినంక మిగిలినదాని పేరేంది?"

"మనసు బాగుంటే చాలు నఫీసా."

"గది రోగులకు చెప్పే మాట. నువ్వు లెక్కల టీచరువు. నిరూపణ లేకుంట నాకేం చెప్పకు."

ఇంకా చెప్పింది. వెయ్యేళ్ళ కిందట కైరోలో కంటి చూపు గురించి పరిశోధించిన ఒక పండితుడున్నాడట. వెలుగు వస్తువు మీద పడి కంటికి వస్తుందని రుజువు చేసినవాడు. అందం ఒక్క రంగులోనో ఒక్క కొలతలోనో ఉండదనీ, అవన్నీ ఒకదానితో ఒకటి కుదిరితేనే వస్తుందనీ ఆయన మాట. "కుదురే పోయినంక?" అని అడిగింది.

"మీ నాన్నగారినే అడగలేకపోయావా?"

"నేను ఈడ ఉన్న సంగతే అబ్బాకు ఎర్కలేదు. దగ్గు తగ్గలేదని మాత్రం రాసిన. కండ్లు కనవడని మనిషి. రైలెక్కడు. ఉత్తగ పరేషాన్ అయితడు."

బయటికొస్తుంటే డాక్టరు కనిపించారు. ఆపరేషన్ తట్టుకునే బలం ఇంకా ఉందనీ, ఈ చలికాలం ముదిరితే ఉండదనీ చెప్పారు. వెనక్కి తిరిగి మంచం దగ్గరికి వచ్చాను.

"రేపు తాండూరు పోతున్నాను."

"పోకు."

"నిన్ను అడగడం లేదు. చెప్తున్నాను."

ఆ రాత్రి నర్సుల గదిలో పడుకున్నాను.

తాండూరు బండిలో మల్లమ్మ

పొద్దున బండిలో నా ఎదురుగా నల్ల గొంగడి కప్పుకున్న ఒక పెద్దామె కూర్చుంది. పేరు మల్లమ్మ, గొర్రెలు కాసుకునే ఇంటి మనిషి; తాండూరు అంగడికి పొట్టేలు కొనడానికి పోతోంది. కూర్చోగానే ఎవరి ఇంటికి, పెళ్ళయిందా, ఎందుకు కాలేదు అని వరసగా అడిగింది. మా వైపు ఈ ప్రశ్నలు చుట్టూ తిరిగి వస్తాయి. ఇక్కడ తిన్నగా వస్తాయి, జవాబు చెప్తే అంతటితో వదిలేస్తారు. అదే నయమనిపించింది. తర్వాత మూట విప్పి జొన్నరొట్టె, ఎర్రకారం ఇచ్చింది.

మౌల్వీ గారి ఇంటికని చెప్పగానే గుర్తుపట్టింది. "కండ్లు కనవడని సాయబు గదా? మా గొర్లు ఆయన గల్లీలకెల్లే పోతయి. ఒక్కటి కుంటినా చప్పుడు వట్టి చెప్తడు, మల్లమ్మా, ఎనకాల ఒకటి కాలు ఎత్తేస్తున్నది అని."

తాండూరులో బండి దిగేటప్పుడు ప్లాట్‌ఫారం అంత కిందికి ఉంటుందని తెలియక దూకాను. చెప్పు తెగింది. మల్లమ్మ గొంగడి అంచు నుంచి ఒక పోగు లాగి, చెప్పు కట్టి ఇచ్చింది. "పైలంగ నడువు, ఊరంత బండలే" అని చెప్పి అంగడి వైపు వెళ్ళిపోయింది.

బండల ఊరు

నిజంగా ఊరంతా బండలే. గోడలు బండలు, పైకప్పు బండలు, పశువుల తొట్టి బండ, పెరటి దడి కూడా నిలబెట్టిన బండలే. నేలలోంచి పొరలు పొరలుగా పలకల్లా వస్తాయి ఇక్కడి రాళ్ళు, నీలంవీ పసుపువీ. మా బందరులో తాటాకు ఏడాదికోసారి మార్చుకుంటాం. ఇక్కడ తాత వేసిన కప్పు కింద మనవడు పడుకుంటాడు. బజారులో ఒక కొట్టాయన కన్నడంలో బేరమాడి, ఉర్దూలో లెక్కపెట్టి, తెలుగులో విసుక్కున్నాడు.

మౌల్వీ గారి ఇల్లు ఒక చిన్న మసీదు పక్కన. ఆయనా, భర్త పోయిన ఆయన చెల్లెలూ ఉంటారు. పలచటి మనిషి, తెల్ల గడ్డం, రెండు కళ్ళలోనూ తెల్లటి పొర. నఫీసా స్నేహితురాలినని చెప్పగానే, పక్కనున్న కోమటి ఇంట్లో నాకు భోజనం చెప్పిరమ్మని చెల్లెల్ని పంపబోయారు.

"వద్దండీ. మీ ఇంట్లోనే తింటాను" అన్నాను.

ఆయన చెల్లెలు పుంటికూర, అదే మా గోంగూర, వేసి వండిన కందిపప్పు, రొట్టె పెట్టింది. ఆ పప్పు రుచి గురించి ఒక పేజీ రాయొచ్చు, కాని తింటున్నంతసేపూ నా నోట్లో చెప్పవలసిన మాటే ఉంది. చేయి కడుక్కుని చెప్పేశాను. జబ్బు, ఆసుపత్రి, డాక్టరు మాట, ఏదీ దాచలేదు.

ఆయన నా వైపు తిరిగారు.

"నాకెందుకు చెప్పలే?"

"మీకు చూపు లేదని."

"చూపు లేకపోతే ఖబర్ గూడ వద్దా?" అన్నారు. కోపం లేదు గొంతులో. "ఆపరేషన్ ఎందుకు వద్దంటున్నది? భయమా?" అని అడిగారు.

భయం కాదని, ఆమె ప్రశ్న ఉన్నదున్నట్టు చెప్పాను. వింటూ వింటూ ఆయన తల పైకెత్తారు.

"నేను చెప్పిన మాటనే నా మీదికి తోలింది" అన్నారు. ఆ బాధలో కూడా ఒక రవ్వ గర్వం ఉంది. "జవాబు ఆలోచించాలె. రైలు మాత్రం నేను ఎక్కనమ్మా. జవాబు నువ్వే తీస్కపో."

రాత్రి ఆయన చెల్లెలు పక్క వేస్తూ కారణం చెప్పింది. నలభై ఎనిమిదిలో వాళ్ళ తమ్ముణ్ణి వికారాబాదు దాకా తోడెళ్ళి బీదరు బండి ఎక్కించి వచ్చాడట అన్న. అక్కడ పెళ్ళాం పిల్లలున్నారని, పోలీసు యాక్షన్ గొడవల్లో వాళ్ళకేమవుతుందోనని తమ్ముడు తొందరపడితే, పో అని తనే పంపాడట. తమ్ముడు మళ్ళీ రాలేదు. "గా దినం సంది మా అన్న స్టేషన్ దిక్కు పోలే" అంది.

మసీదు వసారా

తెల్లారి ఆయన నన్ను మసీదు వసారాకి తీసుకెళ్ళారు. మనుషులెవరూ లేని వేళ. ఆ నేల చూసి నేను నిలబడిపోయాను. నీలం బండని సమానమైన అయిదు మూలలుగా చెక్కి, ఒకదాని పక్కన ఒకటి పేర్చారు. వాటి సందుల్లో పసుపు బండతో సన్నటి వజ్రం బిళ్ళలు. కూర్చుని వేళ్ళతో కొలిచాను, చీర అంచుతో కొలిచాను. ఎక్కడా తేడా లేదు.

"పాదాలకు తగులుతయి ఆ సన్న బిళ్ళలు" అన్నారాయన. "చిన్నప్పటి సంది అనుకుంట, పెద్ద బండలు సాలక గవి ఏసిండేమో మేస్త్రీ అని."

"సాలక కాదండీ. ఇలా సమానమైన అయిదు మూలల బండలు మూడు ఒక్కచోట కలిస్తే కొంచెం సందు మిగిలిపోతుంది. నాలుగోది అందులో పట్టదు. ఏ దేశంలో ఏ మేస్త్రీ అయినా పట్టించలేడు. వాటితోనే నేలంతా నింపడం సాధ్యం కాదు. అందుకని ఆ సందుకి సరిగ్గా పట్టే బిళ్ళ చెక్కి, నేలంతా నింపాడు."

"ఏమంటివి?"

మళ్ళీ చెప్పబోయాను.

"మొత్తం కాదు. సాధ్యం కాదు అంటివే, గా మాట."

"సాధ్యం కాదు అన్నాను."

ఆయన వసారా బండల మీద చతికిలబడ్డారు. "ముమ్‌కిన్" అన్నారు తనలో తాను. తర్వాత నెమ్మదిగా, పాఠం చెప్పేవాడి గొంతుతో చెప్పారు. "నేను సబఖ్ చెప్పేటప్పుడు రెండు మాటలు చెప్పేది. లాయిఖ్, ముమ్‌కిన్. దానికి తగినది, దానికి సాధ్యమైనది. రెండు కలిస్తెనే నిండుదనం. బిడ్డ అప్పుడు చిన్నది, మొదటి మాట పట్టుకున్నది, రెండోది ఇడిసిపెట్టింది. లేకుంటే నేనే రెండోది గట్టిగ చెప్పకపోతినో."

నాకు పరుగెత్తాలనిపించింది. "ఆ మాటే రాసివ్వండి. మీ చెల్లెలిచేత రాయించండి. ఈ బండికే వెళ్తాను."

"కాయిదం మీద మాట తిరిగి మాట్లాడదమ్మా. గా పిల్ల ఊకోదు, ఎదురడుగుతది." లేచి నిలబడి షేర్వాణీ దులుపుకున్నారు. "నేనే చెప్పాలె. బండి ఎన్ని గంటలకు?"

వికారాబాదు ప్లాట్‌ఫారం

దారిపొడవునా నా గొడుగు ఒక కొస ఆయన పట్టుకున్నారు, ఇంకో కొస నేను. బండి కదిలినప్పుడు కిటికీ చువ్వ గట్టిగా పట్టుకుని వికారాబాదు దాకా వదల్లేదు.

వికారాబాదులో దిగాక అడిగారు. "బీదర్ బండి ఏ దిక్కు ఆగుతది?"

గొడుగుతో ఆయన్ని ఆ వైపు తిప్పాను. చేతులు రెండూ ఎత్తి, పెదవులు కదుపుతూ నిలబడ్డారు. కూలీలు పక్కల నుంచి తప్పుకుని పోయారు. ఒక పండ్లమ్మే ఆమె అరవబోయి, ఆయన్ని చూసి ఊరుకుంది. చేతులతో ముఖం తుడుచుకుని, "నడువమ్మా" అన్నారు.

మంచం పక్కన

తండ్రిని చూడగానే నఫీసా కొంగుతో నోరు మూసుకుంది. జబ్బు ఆయనకు అంటకూడదనో, ఏడుపు వినపడకూడదనో తెలియలేదు. వాళ్ళిద్దరూ ఉర్దూలో మొదలుపెట్టి, నేనున్నానని తెలుగులోకి వచ్చారు.

"దగ్గు తగ్గలేదని రాసినవ్. అబద్ధం రాయలే, మంచిదే" అన్నారు కూర్చుంటూ. తర్వాత ఇంకే మాటా లేకుండా ఆ రెండో మాట చెప్పారు, మసీదు నేల సంగతితో సహా.

ఆమె కళ్ళు మూసుకుని విన్నది. తండ్రి అన్నట్టే ఊరుకోలేదు.

"సాధ్యమైనంతదే నిండుదనం అంటే, అన్నీ అందమే అయితయి అబ్బా. నా రోగం గూడ. ఇగ ఆ మాటకు అర్థమేం మిగిలింది?"

"కావు. సాధ్యమైనది చెయ్యకుంట ఇడిసిపెడితే నిండుదనం తగ్గినట్టే. గదీ అసలు కురూపం. ఎముకలు తీయించుకుంటే లేచి నిలబడి పిల్లలకు చెప్పుడు నీకు ముమ్‌కిన్. తీయించుకోకపోతే గీ మంచమే. రెండిట్ల ఏది నిండుదో నువ్వే చూడు."

వరండాలో అవతలి మంచం మీద ఎవరో దగ్గారు. నఫీసా పైకప్పు చూస్తూ ఉండిపోయింది. నేను గెలిచామనుకున్నాను. అప్పుడు ఆమె మోచేతి మీద లేచింది.

"నీ కండ్ల మోతిబిందు పొర తీస్తే చూపొస్తదని డాక్టరు చెప్పి ఎన్నేండ్లాయె?"

ఆయన ముఖం కొండ వైపు తిప్పుకున్నారు.

"అది నీకు ముమ్‌కిన్ కాదా అబ్బా?"

"గది వేరే."

"ఎట్ల వేరే? చెప్పు. నిరూపణ చెయ్యి."

మౌల్వీ గారు గడ్డం నిమురుకున్నారు. ఎంతోమందికి తర్కం చెప్పిన మనిషి మాట కోసం వెతుక్కోవడం చూశాను. చివరికి చాలా చిన్నగా అన్నారు. "చూసేటందుకు ఏం మిగిలింది బిడ్డా?"

"నేను మిగిలిన."

ఆ మాట తర్వాత ఆ వరండాలో తర్కం లేదు. ఆయన చేయి చాపి తడుముతుంటే, ఆమె తన ఎడమ భుజం మీదికి ఆ చేయి తీసుకుంది. అక్కడే ఉంచింది. కాసేపటికి నర్సుని పిలవమంది నాతో. "పెన్ను గూడ తెమ్మను" అంది. "నేను సంతకం పెడత. అబ్బా కండ్ల సంగతి నువ్వు చూస్కో సుభద్రా, ఆయన మాట మీద ఉండడు."

"ఉంట" అన్నారు మౌల్వీ గారు.

తర్వాత

నేను సీతాఫలాల బుట్ట వాళ్ళ దగ్గరే వదిలేసి హైదరాబాదు బండి ఎక్కాను. మౌల్వీ గారు కొండ కింద తెలిసినవాళ్ళింట్లో ఉండి, కూతురి ఆపరేషన్ అయ్యేదాకా కదల్లేదు. రెండు విడతలుగా చేశారు. మొదటిదాని తర్వాత రెండోది వద్దని ఏడ్చిందట నొప్పికి. వద్దంటూనే వెళ్ళిందట.

ఎండాకాలంలో నేను మౌల్వీ గారిని హైదరాబాదు కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఒక కన్ను కుదిరింది, ఇంకోటి కుదరలేదు. మందపాటి అద్దాలు పెట్టుకుని కూతుర్ని తేరిపారచూసి, "మస్తు ముసలిదానివైనవ్ బిడ్డా" అన్నారు. నఫీసా నవ్వింది, నవ్వితే పక్క నొప్పి పుట్టి కూర్చుండిపోయింది.

నేనింకా నా నిరూపణల్ని అందమైనవనే అంటాను. ఇప్పుడు నఫీసా కాదనదు, "ఎంతవరకు ముమ్‌కిన్ అంతవరకు" అంటుంది.

స్కూలు తెరిచిన రోజు ఆమెకు తోడుగా క్లాసు గుమ్మం దాకా వెళ్ళాను. ఎడమ భుజం బాగా కిందికి దిగింది. కొంగు ఎలా వేసుకున్నా తెలుస్తుంది. పిల్లలు లేచి నమస్కారం పెట్టి, ఎటు చూడాలో తెలియక కిటికీ వైపు చూశారు. నఫీసా బల్ల పక్కకు వచ్చి, కొంగు తీసి వెనక్కి వేసుకుంది.

"జర మంచిగ చూడుండ్రి" అంది. "ఎంతసేపు కావాల్నో అంతసేపు చూడుండ్రి. అయినంక బోర్డు దిక్కు చూడాలె."

కొందరు చూశారు. కొందరు తల దించుకుని, మళ్ళీ ఎత్తి చూశారు. ఆమె తొందరపడలేదు. అందరూ చూశాక సుద్దముక్క తీసుకుని, కుడిచేత్తో బోర్డు మీద ఒక కటకం గీసి, దాని గుండా ఒక కిరణం గీసింది.